గీత ఇవతల – పద్నాలుగో భాగం: తొమ్మిదో నంబరు పేరు

పోయిన వారం విన్సెంట్‌ను కాలేజీ ఆఫీసు ముందున్న చెక్కబెంచీ మీద కూర్చోబెట్టి మనం మన పనుల మీద పోయాం. అతను మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. కదలడానికి వీల్లేదు మరి. రేపు శనివారం పొద్దున పది గంటలకు హైదరాబాదులో స్పోర్ట్స్ స్కూలు ఫుట్‌బాల్ కోచ్ పోస్టులకు సర్టిఫికెట్ల వెరిఫికేషన్. పోస్టులు మూడు. లిస్టులో విన్సెంట్‌ది మూడో పేరు. ఒరిజినల్స్ చూపించలేకపోతే అక్కడికక్కడే నాలుగో పేరు పిలుస్తారు. ఆ ఒరిజినల్సేమో పదో తరగతి మెమో దగ్గరి నుంచి కోచింగ్ లైసెన్సు దాకా ఈ కాలేజీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి.

అవి అక్కడెందుకున్నాయని ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్లు అడగరు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కొన్నిచోట్ల ఉద్యోగంలో చేరిన రోజే ఒరిజినల్స్ తీసుకొని లోపల పెట్టుకుంటారు, చేతికి జిరాక్సులిస్తారు. నడిమధ్యలో మానేసి పోతే పిల్లల చదువులు ఏం గావాలని మేనేజ్‌మెంటు వాదన. విన్సెంట్ అట్లా ఇచ్చి పదకొండేళ్లయింది.

ఆఫీసు సూపరింటెండెంట్ స్నేహలత మేడమ్ మంచిమనిషే. "నో డ్యూస్ కాయితం మీద పీడీ సార్ సంతకం ఒక్కటే తక్కువున్నది విన్సెంట్, అది పెట్టిచ్చుకరా, బీరువా నేనే తీస్త" అని సోమవారం నుంచి చెబుతోంది. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్. ఆయన పేరు సుదర్శన్, జట్టుకు చీఫ్ కోచ్ కూడా ఆయనే. సోమవారం ఆయనకు మీటింగు. మంగళవారం జ్వరం. బుధ, గురువారాలు ఫోనెత్తలేదు. ఇవాళ శుక్రవారం, మధ్యాహ్నం రెండయింది. మూడున్నరకు ఇంటర్ కాలేజియేట్ ఫైనల్, అదీ మన కాలేజీ గ్రౌండులోనే. అటెండరు వచ్చి "అన్నా, పీడీ సారు పిలుస్తాండు" అన్న దగ్గర కదా ఆపాం. పదండి, లోపలికి పోదాం.

గది గోడ నిండా జట్టు ఫొటోలు. పదకొండు సీజన్లవి పదకొండు. ప్రతి ఫొటోలోనూ సుదర్శన్ సారు నీలం బ్లేజరు వేసుకొని, నడిమి కుర్చీలో కూర్చొని, ఒళ్లో కప్పో షీల్డో పెట్టుకొని ఉంటారు. విన్సెంట్ చివర నిలబడి ఉంటాడు, మెడలో విజిల్‌తో. ఒక ఏడాది ఫ్రేము కట్టినవాడు అతని ఎడమ భుజాన్ని చెక్క కిందికి తోసేశాడు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, విన్సెంట్ కూడా.

ఫాతిమానగర్ చర్చి పక్క మైదానంలో ఉత్త కాళ్లతో ఆట మొదలుపెట్టి, యూనివర్సిటీ జట్టుకు ఆడి, మోకాలి లిగమెంటు తెగి, ఇరవై నాలుగో ఏట అతను ఈ గదిలోకి వచ్చాడు. "ఒక్క ఏడాది అసిస్టెంటుగా చెయ్‌రా. వచ్చే ఏడు నేను రిటైరయిత, కుర్చీ నీదే" అన్నారు సారు. అన్నట్టే రిటైరయ్యారు కూడా. మర్నాడే మేనేజ్‌మెంటు మళ్లీ తీసుకుంది. రెండేళ్ల తర్వాత మళ్లీ, ఆ తర్వాత మళ్లీ. ఈలోగా పొద్దున ఐదున్నరకు సున్నంతో గీతలు గీసేది విన్సెంట్, బంతుల్లో గాలి నింపేది విన్సెంట్. కాలు బెణికితే ఐసు పెట్టడం, అటెండెన్సు తక్కువైన పిల్లల కోసం లెక్చరర్లను బతిమాలడం, ఆట నేర్పడం, ఆట మొదలయ్యాక గీత ఇవతల నిలబడి గొంతు చించుకోవడం, అన్నీ విన్సెంటే. గెలిస్తే చీఫ్ కోచ్ పేరు పేపర్లో వస్తుంది. ఓడితే "మావోడు సరిగ్గ చూసుకోలే" అని సారు ప్రిన్సిపాల్‌తో అంటారు.

మూడేళ్ల కింద కరీంనగర్ అకాడమీ వాళ్లు పిలిచినప్పుడూ ఇదే బీరువా, ఇదే తాళం. ప్రిన్సిపాల్ లీవులో ఉన్నాడన్నారు. విన్సెంట్ తగ్గాడు. ఈసారి తగ్గనని భార్య ఏంజెల్‌కు మాటిచ్చి మరీ వచ్చాడు.

"కూసో విన్సెంటూ" అన్నారు సుదర్శన్ సారు.

విన్సెంట్ కూర్చోలేదు. బల్ల మీద అతని సర్టిఫికెట్ల ఆకుపచ్చ ఫైలు కనిపించింది, సారు ముందే బీరువాలోంచి తెప్పించుకున్నట్టున్నారు. అట్ట మీద వేళాంగణి మాత బొమ్మ, అతని తల్లి రూతు అంటించింది. రంగు వెలిసిపోయింది గాని మాత ముఖం ఇంకా తెలుస్తోంది. పదకొండేళ్ల తర్వాత దాన్ని చూసేసరికి అతనికి కళ్లు చెమ్మగిల్లాయి. సారు ఆ ఫైలు మీద అరచెయ్యి పెట్టుకొని కూర్చున్నారు.

"సార్, నో డ్యూస్..."

"పెడ్త. పెడ్తా అంటున్న కద. ఆ ఫ్యాను జర పెంచు."

విన్సెంట్ ఫ్యాను పెంచాడు. పెంచినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"రేపు పొద్దుగాల ఐదింటి బండికి పోవాలె సార్. ఇయ్యాల్నే కావాలె."

"నాకెరుకే. పోతవు సరే, నువ్వు పోయినంక గ్రౌండు ఎవడు చూడాలె? నేనా? నాకు ఆ పిలగాండ్ల పేర్లు గూడ సక్కగ తెల్వయ్."

"పదకొండేండ్లు నేను చూసిన సార్."

"అందుకే అంటున్న." సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. విన్సెంట్ మోకాలి ఆపరేషన్‌కు హైదరాబాద్ దవాఖానలో మూడు రాత్రులు కూర్చున్న మనిషి ఆయన. పెళ్లిలో పెద్దరికం వహించిన మనిషి. పీక మీద కాలేసి తొక్కేవాడైతే విన్సెంట్ ఎప్పుడో విదిలించుకొని పోయేవాడు. ఈయన భుజం మీద చెయ్యేసి ఆపుతాడు. అదే వచ్చిన తంటా.

"సరే, ఆ ముచ్చట ఇడువు. గేటు కాడ పొద్దటి సంది ఒకాయన కూసున్నడు, చూసినవా?"

"తెల్లంగి పెద్దాయననా? చూసిన. ఎవరు సార్?"

"ఎల్లస్వామి నాయిన."

విన్సెంట్ గేటు వైపు తల తిప్పాడు.

ఎల్లస్వామి అంటే జట్టులో తొమ్మిదో నంబరు, సెంటర్ ఫార్వర్డ్. సెమీఫైనల్లో రెండు గోల్స్ కొట్టినవాడు. కానీ అతని అసలు పేరు ఉదయ్. కాజీపేట రైల్వే గ్రౌండులో ఆడతాడు, వయసు ఇరవై ఏడు, ఈ కాలేజీలో ఏనాడూ చదవలేదు. కాలేజీ ఆటల్లో ఇట్లాంటివాణ్ణి డూప్లికేట్ అంటారు. చదువు మధ్యలో మానేసినా రిజిస్టరులో పేరు మిగిలిన ఒక విద్యార్థి పేరు మీద ఇతన్ని ఆడిస్తారు. ఈ పనికి ఒక పద్ధతుంది. క్యాంపు మొదలైన రోజు నుంచి ఆ మనిషిని ఫారం మీది పేరుతోనే పిలవాలి. అసలు పేరు నోరుజారినవాడు గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు పరుగెత్తాలి. నిద్రలో లేపినా ఆ పేరుకే పలికేలా చెయ్యాలి. మ్యాచ్‌లో పిలిచినప్పుడు వాడు దిక్కులు చూస్తే కథ బయటపడుతుంది కదా. ఆ అలవాటు చేయించే పని ప్రతి కాలేజీలోనూ అసిస్టెంటుదే. నెల రోజుల పాటు విన్సెంట్ ఉదయ్‌ను ఎల్లస్వామిని చేశాడు. అది తప్పని తెలుసు. అందరూ చేసేదే కదా అని సరిపెట్టుకున్నాడు.

"ఆ అసలు పిలగానితోని మాట్లాడినా అన్నరు కద సార్?"

"అన్న."

"మాట్లాడిండ్రా?"

"ఏడున్నడని మాట్లాడుత? రెండేండ్ల సంది పత్తా లేడట. నువ్వు మల్ల అడిగినవా?"

అడగలేదు. సారు చెప్పారు కదా అనుకున్నాడు. అడిగితే జవాబు ఎట్లా ఉంటుందోనని భయపడ్డాడు కూడా. ఆ మాట ఇప్పుడు తనకు తానే ఒప్పుకోక తప్పలేదు.

సారు బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు తోశారు. ఎలిజిబిలిటీ ఫారం. పైన ఉదయ్ ఫొటో. పక్కన పేరు ఎల్లస్వామి, తండ్రి పేరు కొమురెల్లి, ఊరు వర్ధన్నపేట. కింద ‘విద్యార్థిని స్వయంగా చూసి, ధ్రువపత్రాలు సరిపోల్చుకున్నాను’ అన్న వాక్యం. దాని కింద విన్సెంట్ సంతకం.

ఏటా ఆగస్టులో పాతిక ఖాళీ ఫారాలు ముందు పడేసి "సంతకాలు పెట్టియ్‌రా, తర్వాత నింపుకుంటం" అంటారు సారు. పదకొండేళ్లుగా విన్సెంట్ నిలబడే పెట్టేస్తాడు. చీఫ్ కోచ్ అని అచ్చువేసిన చోట కూడా పైన చిన్నగా ‘బదులు’ అని రాసి అతనే పెడతాడు. పాతిక ఫారాల్లో ఎక్కడా సుదర్శన్ సారు చేతిరాత ఉండదు.

"ఇది యూనివర్సిటీకి పోతే నీ లైసెన్సు పోతది. జిందగీల మల్ల ఏ గ్రౌండులకు రానియ్యరు. స్పోర్ట్స్ స్కూలు సంగతి నువ్వే ఆలోచించుకో" అన్నారు సారు. "ఇప్పుడు ఫికర్ చెయ్యకు, నేను పంపుత అన్ననా? ఆయన కొడుకు పేరు పేపర్ల చూసి వచ్చిండు పాపం. ఆట అయిపోయేదాంక ఆయనను తొమ్మిదో నంబరు కాడికి రానియ్యకు. అయినంక ఏదో ఒకటి చెప్పి బస్సెక్కియ్యి. ఆరింటికి నో డ్యూస్ మీద సంతకం, ఈ ఫైలు, రెండూ నీ చేతుల పెడ్త. నువ్వు పోతే నాక్కూడ ఏడుపొస్తదిరా. అయినా పంపుత."

విన్సెంట్ ఫైలు మీదున్న ఆ చేతిని చూశాడు. "సరే సార్" అన్నాడు. అనకుండా ఉండాల్సిందని బయటికి వచ్చాక అనిపించింది.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల స్టూలు మీద కూర్చొని ఉన్నాడు కొమురెల్లి. ఇస్త్రీ మడతలు విప్పని తెల్లచొక్కా, భుజాన తువ్వాల, ఒళ్లో స్టీలు డబ్బా. చేతిగోళ్లలో ఎర్రటి రంగు, ఎంత కడిగినా పోని మిరప రంగు.

"కాకా, ఎవరి కోసం?" తెలిసీ అడిగాడు విన్సెంట్.

"మా పోరని కోసం సారూ. ఎల్లస్వామి. గీ కాలేజీల్నే సదువుతాండు. సదువుతాండో లేదో గని ఆడుతాండట." కొమురెల్లి జేబులోంచి పేపరు కత్తిరింపు తీశాడు. నాలుగు మడతలు. "నేను ఎనుమాముల మార్కెట్ల హమాలి పని జేత్త. నాకు సదువు రాదు. చాయ్ హోటల్ల యాకయ్య సదివి, ‘ఓ కొమురెల్లన్నా, నీ కొడుకు రెండు గోల్లు కొట్టిండే’ అన్నడు. నాకైతె కాళ్లు ఆడలే. వానితోని నాలుగుసార్లు సదివిచ్చుకున్న."

"ఇంటికి రాడా మీవోడు?"

"రెండేండ్లాయె సారూ మొకం సూడక. పరీచ్చ తప్పిండని ఒక్క దెబ్బ కొట్టిన. ఒక్కటంటె ఒక్కటే. తెల్లారేసరికి లేడు. ఫోను లేదు, ఏం లేదు. వాళ్లవ్వ సమ్మమ్మ ఆ దినం కెల్లి నాతోని సక్కగ మాట్లాడదు. ఇయ్యాల మాట్లాడింది. వానికి సర్వపిండి అంటె పానమని చేసి ఇచ్చింది." డబ్బా తట్టి చూపించాడు. "ఇంక ఏడిగుంది, సూడు."

విన్సెంట్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూడక తప్పలేదు. వేడి ఎప్పుడో పోయింది.

"ఆటంటె మస్తు ఇష్టం సారూ వానికి. అచ్చిన యాడాదే గీడ టీముల ఆడుతనని అడిగిండట. అసిస్టెంటు సారు తీస్కోలే అని ఇంటికొచ్చి రెండు దినాలు అన్నం ముట్టలే. సదువు మీద గూడ మనసు అప్పుడే ఇరిగింది. గా సారు ఎవలో గని..." కొమురెల్లి అతని మెడలోని విజిల్‌ను చూశాడు. "నువ్వేనా?"

"నేనే కాకా."

"ఇప్పుడన్న తీస్కున్నవు. సల్లగుండు సారూ" అని రెండు చేతులూ పట్టుకున్నాడు.

విన్సెంట్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆ ఏడాది సెలెక్షన్లకు ఎనభై మంది దాకా వచ్చారు. ఒకసారి పరుగు, రెండు పాసులు, ఒక కిక్కు. ‘నువ్వు ఇటు, నువ్వు అటు’ అని చెయ్యి ఊపడం. గంటలో అయిపోయింది. అటు పంపినవాళ్లలో ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. గుర్తొస్తే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాడు, అయినా రాలేదు. ఆడనివ్వని పిల్లవాడి పేరును మాత్రం నెల రోజులుగా తనే ఆడిస్తున్నాడు.

సారు చెప్పమన్న అబద్ధం గొంతు దాకా తెచ్చుకున్నాడు. "కాకా, ఇయ్యాల ఎల్లస్వామి ఈడ లేడు, యూనివర్సిటీ క్యాంపుకు..."

గ్రౌండులోంచి మైకు అరిచింది. "నంబర్ నైన్! సెంటర్ ఫార్వర్డ్! మన వర్ధన్నపేట ముద్దుబిడ్డ, ఎల్లస్వామీ!"

కొమురెల్లి అప్పటికే లేచి నిలబడ్డాడు. అతని ముఖం చూశాక విన్సెంట్ ఆ వాక్యం పూర్తి చేయలేకపోయాడు.

ఇక చేసేదేముంది. చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి, బెంచీలకూ షామియానాకూ ఎదురుగా, గ్రౌండుకు అవతలి పక్క ప్రహరీగోడ నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "ఆట నడిచేటప్పుడు ఆటగాళ్ల దగ్గరికి రావద్దు కాకా, రూలు" అన్నాడు.

"రూలంటె రూలే" అన్నాడు కొమురెల్లి, డబ్బా ఒళ్లో పెట్టుకొని.

ఆట మొదలైంది. అసిస్టెంట్ కోచ్ పని పిలవడం. ఎవడు ముందుకు పోవాలో, ఎవడు వెనక్కి రావాలో గీత ఇవతలి నుంచి పేరు పెట్టి అరవాలి. గీత దాటకూడదు. ఆ గీతను పొద్దున అతనే గీశాడు. "ఎల్లస్వామీ, లెఫ్ట్!" అని విన్సెంట్ అరిచిన ప్రతిసారీ గ్రౌండుకు అవతల తెల్లచొక్కా కుర్చీలోంచి సగం లేచేది. కాసేపు అరవకుండా ఊరుకున్నాడు. షామియానా కింద సుదర్శన్ సారు అతని వైపు అనుమానంగా చూశారు. ఆయన ఒళ్లో ఆకుపచ్చ ఫైలు ఉంది. విన్సెంట్ మళ్లీ అరిచాడు.

హాఫ్‌టైమ్‌కు ఒకటి ఒకటి. నీళ్లు తాగుతున్న ఉదయ్ దగ్గరికి కొమురెల్లి రాకముందే విన్సెంట్ పరుగున అవతలి గోడ దగ్గరికి పోయాడు.

"నడక మారింది సారూ" అన్నాడు కొమురెల్లి. "ఒళ్లు గూడ చేసిండు. ఎవలో మంచిగ తిండి పెడ్తాండ్రు, వాళ్ల కడుపు సల్లగుండ."

"కనబడుతాండా కాకా ఇక్కడికి?"

"గంతంత మాత్రమే. ఒక కంటికి పొర. ఇంకోటి మిరప దుమ్ముకు నీళ్లు కారుతది. అయినా కన్నకొడుకును గుర్తువట్టనా?"

విన్సెంట్‌కు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఫోన్ మోగింది. ఏంజెల్. "బ్యాగు సర్దిన. నాలుగింటికి అలారం పెట్టిన. సర్టిఫికెట్లు వచ్చినయా?" అంది. "ఆరింటికి ఇస్తరట" అన్నాడు. "పక్కానా?" అంది. "పక్కా" అన్నాడు.

డెబ్బై ఆరో నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని తొమ్మిదో నంబరు తలతో కొట్టి గోల్ చేశాడు. గ్రౌండు ఊగిపోయింది. షామియానా కింద సారు లేచి చప్పట్లు కొట్టారు. విన్సెంట్ మాత్రం అవతలి గోడ వైపు చూశాడు. కుర్చీ ఖాళీ.

కొమురెల్లి బయలుదేరాడు. డబ్బా చంకలో పెట్టుకొని, గోల్ స్తంభాల వెనక నుంచి చుట్టూ తిరిగి, మెల్లగా, రూలు తప్పకుండా సున్నం గీతకు రెండు గజాల బయటే నడుస్తూ వస్తున్నాడు. కాళ్లలో సత్తువ లేదు గాని ముఖం వెలిగిపోతోంది. ఆట మళ్లీ మొదలైంది. విన్సెంట్‌కు బంతి కనిపించడం లేదు, ఆ తెల్లచొక్కా ఒక్కటే కనిపిస్తోంది. గోల్ వెనక, కార్నర్ జెండా దగ్గర, ఇటు గీత వెంట. షామియానా నుంచి సారు చేత్తో సైగ చేశారు, ఆపమని. రెండోసారి ఫైలు పైకెత్తి మరీ సైగ చేశారు.

విన్సెంట్ ఎదురు నడిచాడు. ఆపడానికే నడిచాడు, అబద్ధమెందుకు. ఇంతలో అవతలి జట్టువాడొకడు కాలు పట్టుకొని పడిపోయాడు. రిఫరీ ఆట ఆపాడు. ఆటగాళ్లు నీళ్ల కోసం గీత దగ్గరికి వచ్చారు.

"ఎల్లస్వామీ! ఓ బిడ్డా!"

తొమ్మిదో నంబరు చటుక్కున తిరిగాడు. నెల రోజులుగా నేర్పింది అదే కదా. ఎవరు పిలిచినా తిరగాలి, దిక్కులు చూడకూడదు. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఎవరో మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాడేమో, నవ్వుతూ దగ్గరికే వచ్చాడు.

కొమురెల్లి అప్పటికే డబ్బా మూత తీశాడు. చూశాడు. మంచి కన్ను ఇటు తిప్పుకొని మళ్లీ చూశాడు. తువ్వాలతో కన్ను ఒత్తుకొని ఇంకోసారి చూశాడు. ఉదయ్ నవ్వు ఆగిపోయింది.

"సార్, ఎవరీయన?" అన్నాడు మెల్లగా.

కొమురెల్లి మూత తిరిగి పెట్టాడు. అది ఒకపక్క కూర్చోలేదు. బొటనవేలితో చుట్టూ నొక్కుకుంటూ వచ్చాడు, పూర్తిగా బిగిసేదాకా. అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే విన్సెంట్ తట్టుకునేవాడు.

"గీ పిలగానికి ఆ పేరు పెట్టి పిలిసింది నువ్వేనా సారూ?"

"నేనే కాకా."

"మంచిగ నేర్పినవు. నువ్వు పిలిస్తె పలుకుతాండు. నేను పిలిసినా పలికిండు." కొమురెల్లి డబ్బాను రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు. "నా కొడుకును గూడ ఒక్కపారి పిలువు సారూ. నేను పిలిస్తె రాలే. నువ్వు పిలిస్తె వస్తడేమో."

రిఫరీ విజిల్ ఊదాడు, ఆట మళ్లీ మొదలైంది. బంతి అవతలి సగంలో ఉంది. తొమ్మిదో నంబరు మాత్రం మైదానంలోకి పోకుండా తల దించుకొని అక్కడే నిలబడ్డాడు. ఇంకా పది నిమిషాల ఆట. ఆ పది నిమిషాలు నోరు మూసుకుంటే కప్పు, ఆరింటికి ఫైలు, తెల్లారి ఐదింటికి బండి. ఏంజెల్ సర్దిన బ్యాగు తలుపు పక్కనే ఉండి ఉంటుంది. అదంతా విన్సెంట్‌కు తెలుసు. పదకొండేళ్లలో ఇంత స్పష్టంగా ఏదీ తెలియలేదు.

అతను సున్నం గీత దాటి లోపలికి నడిచాడు.

"కోచ్! బయటికి!" రిఫరీ అరిచాడు. విన్సెంట్ ఆగలేదు. ఇరవై అడుగులు, ముప్పై అడుగులు. రెండు జట్ల పిల్లలూ ఆడటం మానేసి అతన్నే చూస్తున్నారు. బంతి దానంతటదే దొర్లిపోయి ఎక్కడో ఆగింది. రిఫరీ పొడుగ్గా విజిల్ ఊది, జేబులో కార్డు కోసం వెతుక్కుంటూ ఎదురొచ్చాడు.

"ఏమైందయ్యా నీకు? ఆట నడుస్తాంటే లోపలికొస్తవా?"

"ఆట ఆపండి సార్" అన్నాడు విన్సెంట్. "ఆ తొమ్మిదో నంబరు పేరు ఎల్లస్వామి కాదు. ఎల్లస్వామి వేరే పిలగాడు. ఆ ఫారం మీద సంతకం నాది."

రిఫరీ చెయ్యి జేబులోనే ఆగిపోయింది. గీత అవతల కొమురెల్లి డబ్బా పట్టుకొని నిలబడే ఉన్నాడు. విన్సెంట్ వెనక్కి తిరిగి షామియానా వైపు చూశాడు. నడిమి కుర్చీ ఖాళీగా ఉంది. సుదర్శన్ సారు లేరు. ఆకుపచ్చ ఫైలు కూడా లేదు.